తొమ్మిది కిందనే ఆరు

మిర్యాలగూడలో హాలియా రోడ్డు మీద ఉన్న ఆ రైస్ మిల్లులో ఏసీ ఉన్నది ఒక్క గదికే. అది యజమాని కృష్ణమూర్తి కూర్చునే గది కాదు, కంప్యూటర్ గది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. 1997 ఆగస్టులో ఆ గదిలో కుర్చీ దొరికినప్పుడు తారకు ఇరవై మూడేళ్లు. పెన్‌పహాడ్ దగ్గరి తండాలో పుట్టి, సూర్యాపేటలో బీకాం చదివి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తి చేసిన పిల్ల. తల్లి పుష్పాబాయి అదే మిల్లు కల్లంలో, ఆ గది కిటికీకి ఎదురుగా, ఉడికిన వడ్లు ఆరబోసి తిరగేసే పని చేసేది. కూతురి కోసం ఉద్యోగం అడిగింది ఆమే.

"అయ్యా, నా బిడ్డ కంప్యూటర్ నేర్చింది. ఎండకు పంపకుండ సదివిచ్చిన. జర సూడున్రి" అంది ఒకరోజు, తలమీది గంప దించకుండానే.

కృష్ణమూర్తి కోదాడ మనిషి. యాభై దాటాయి. నెమ్మదస్తుడు, పనివాళ్లను పేరు పెట్టి పిలిచేవాడు. మూడేళ్లుగా కాకినాడ రేవు నుంచి బయటి దేశాలకు ఉప్పుడు బియ్యం పంపుతున్నాడు. డబ్బు డాలర్లలో వస్తుంది. వచ్చిన డాలర్లను వెంటనే రూపాయల్లోకి మార్చుకోవచ్చు, కొంతకాలం బ్యాంకులోనే డాలర్లుగా ఉంచుకోనూవచ్చు. ఎప్పుడు మార్చాలన్నదే ఆయన తలనొప్పి. ఇవాళ మారిస్తే రేపు రేటు పెరుగుతుంది, ఆగితే తగ్గుతుంది. హైదరాబాదులో షేర్ల వ్యాపారం చేసే స్నేహితుడొకడు ఆ తలనొప్పికి మందు అంటూ నాలుగు ఫ్లాపీలు ఇచ్చాడు.

అందులో ఉన్నది రేట్లను గీతలుగా గీసే ప్రోగ్రాము. తార రోజూ పదకొండింటికి హైదరాబాదు బ్యాంకుకు ఫోన్ కలిపి, డాలర్ ధర ఎంతో అడిగి, ముందు చిన్న ప్యాడ్ మీద రాసుకుని, తర్వాత కంప్యూటర్లో కొట్టేది. తెర మీద రెండు గీతలు ఒక్కొక్క చుక్కంత ముందుకు జరిగేవి. ఎర్ర గీత గడిచిన ఐదు రోజుల ధరల సగటు. నీలి గీత ఇరవై రోజుల సగటు. ఎర్రది నీలిదానికి పైన నడుస్తున్నంత కాలం డాలర్ ఎక్కుతున్నట్టు, డాలర్లు ఉంచుకోవాలి. ఎర్రది నీలిదాన్ని దాటి కిందికి దిగితే ఎక్కడం అయిపోయినట్టు, అమ్మేయాలి. రోజువారీ ధరకు కూడా నల్ల గీత ఒకటి వచ్చేది గాని, మొదటి వారంలోనే కృష్ణమూర్తి దాన్ని తీసేయించాడు.

"అది రోజూ పైకీ కిందికీ ఎగురుతుందమ్మా. దాన్ని చూస్తే నాకు నిద్ర పట్టదు. సగటు గీతలు రెండూ చాలు మనకి."

ఆ శీతాకాలం డాలర్ ఎక్కుతూనే పోయింది. ముప్పై ఆరు రూపాయల దగ్గర ఏడాదిగా కదలనిది నవంబరులో ముప్పై ఎనిమిది దాటింది, డిసెంబరులో ముప్పై తొమ్మిది. ఎర్ర గీత పైన, నీలి గీత కింద. కృష్ణమూర్తి రోజూ మధ్యాహ్నం చెప్పులు విడిచి లోపలికొచ్చి, తెర ముందు నిలబడి, తృప్తిగా తలాడించి వెళ్లేవాడు. మూడు షిప్‌మెంట్ల డాలర్లు బ్యాంకులో అలాగే ఉన్నాయి.

డిసెంబరు ఆఖరి సోమవారం ఎర్ర గీత ఉన్నట్టుండి తల దించి నీలి గీతను దాటింది.

తారకు నమ్మబుద్ధి కాలేదు. మామూలుగా అది వంగడానికి నాలుగైదు రోజులు తీసుకునేది. కానీ తెర మీద కనిపిస్తోంది కదా. వెళ్లి చెప్పింది. కృష్ణమూర్తి వచ్చి చాలాసేపు చూశాడు.

"ఏమంటావు తారా?"

"నేనేమంట సార్? దాటింది. దాటితే అమ్మాలని మీరే అన్నరు."

"అన్నాను. మనసు మాట వింటే ఈ పెట్టె ఎందుకు" అన్నాడాయన. ఆ మధ్యాహ్నమే బ్యాంకుకు ఫోన్ చేసి మొత్తం డాలర్లు అమ్మేశాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. డాలర్ ఆగలేదు. ముప్పై తొమ్మిదిన్నర అయింది, ముప్పై తొమ్మిది డెబ్బై అయింది, నలభై వైపు నడుస్తోంది. కృష్ణమూర్తి తెర చూడటానికి రావడం మానేశాడు, ఇంటి నుంచి వచ్చిన క్యారియర్ మూత తీయకుండానే వెనక్కి పంపడం మొదలుపెట్టాడు. కల్లంలో వడ్లు చెమ్మగా ఉన్నాయని ఎన్నడూ లేనిది ఆడవాళ్ల మీద కేకలేశాడు. తారను మాత్రం ఒక్క మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉండేది.

వారం తిరిగేసరికి ఇంకో వింత జరిగింది. ఎర్ర గీత ఒక్క రోజులో ఎగిరి మళ్లీ నీలి గీత మీదికెక్కి కూర్చుంది. ధర ఆ రోజు పైసల్లోనే పెరిగింది, గీత ఇంతెత్తు లేచింది. ఐదు రోజుల సగటు కదా. ఐదు రోజుల కిందటి అంకె ఏదో ఇవాళ లెక్కలోంచి జారిపోయింది. జారిపోగానే గీత లేచిందంటే ఆ అంకె మరీ చిన్నదై ఉండాలి.

ప్యాడ్ తీసింది. సోమవారం నాడు తన చేత్తోనే రాసుకుంది: 39.20. కంప్యూటర్లో ఆ తేదీ తెరిచింది. 36.20.

కీబోర్డు వైపు చూసింది. కుడిచేతి వైపు అంకెల మీటల్లో తొమ్మిది కిందనే ఆరు ఉంటుంది. వేలు ఒక వరస జారింది. అంతే. నల్ల గీత ఉండి ఉంటే బావిలా కిందికి దిగి కనిపించేది, పసిపిల్ల కూడా పట్టుకునేది.

చుట్టూ చూసింది. గదిలో ఎవరూ లేరు. అంకె దిద్దింది. గీతలు మళ్లీ గీసుకున్నాయి. సోమవారం నాడు దాటడమూ లేదు, ఏమీ లేదు. ఎర్ర గీత మొదటినుంచీ పైనే ఉంది. అమ్మాల్సిన పనే లేదు.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ తమ అద్దె గదికి చేరారు. పుష్పాబాయి చేతులు కడుక్కుంటూ కూతురి ముఖం చూసి అడిగింది.

"సార్ ఏమన్న అన్నడా?"

"అనలే యాడీ" అంది తార. తండాలో అమ్మను అలాగే పిలుస్తారు.

"మరి ముఖం గట్లెందుకు పెట్టినవ్?"

తార తల్లికి చెప్పింది. గీతలూ సగటులూ పుష్పాబాయికి అర్థం కాలేదు, తప్పు జరిగిందన్నది మాత్రం అర్థమైంది. "రేపు చెప్పు" అంది. మళ్లీ తనే, "లేకుంటే జర ఆగు. ఆయన కోపం మీదున్నడు. నిన్నూ నన్నూ ఒక్కటేసారి పొమ్మంటే ఏం తింటం" అంది.

తార ఆగింది. ఒక రోజు, రెండు రోజులు, వారం. రోజూ పొద్దున ఇవాళ చెబుతాననుకునేది. ఆయన ఎదురుపడగానే ఏదో పని నెపంతో పక్కకు తప్పుకునేది. డాలర్ నలభై దాటింది.

అప్పుడు, జనవరి మధ్యలో ఒక శుక్రవారం సాయంత్రం రిజర్వు బ్యాంకు రూపాయిని కాపాడటానికి కట్టుదిట్టాలు ప్రకటించింది. సోమవారం బ్యాంకు తెరిచేసరికి డాలర్ ముప్పై తొమ్మిది కిందికి జారిపోయింది. ఒక్క దెబ్బకు రూపాయికి పైగా. నలభై మీద ఇంకా ఎక్కుతుందని డాలర్లు పట్టుకుని కూర్చున్న మిల్లర్లందరూ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. కృష్ణమూర్తి దగ్గర ఒక్క డాలరు లేదు.

ఆయన చెప్పులు విడవడం కూడా మరిచిపోయి లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"చూశావా! మూడు వారాల ముందే చెప్పింది. ఎవడికీ తెలియనిది మన గీతకు తెలిసింది. నేనేమో దాన్ని అనుమానించి తిండి మానేశాను!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీ తెరిచి కల్లం వైపు కేకేశాడు. "పుష్పాబాయీ, నీ కూతురు బంగారం!"

కల్లంలో ఆడవాళ్లంతా నవ్వారు. పుష్పాబాయి నవ్వలేదు. పార పట్టుకుని కిటికీలోంచి తార వైపే చూస్తూ నిలబడింది.

ఆ ఆదివారం కృష్ణమూర్తి తారను కారులో కోదాడ తీసుకెళ్లాడు. అక్కడ ఆయన చెల్లెలి భర్త, వరసకు బావమరిది అయిన శేషగిరికి రెండు మిల్లులున్నాయి. జనవరి దెబ్బకు బాగా నష్టపోయినవాళ్లలో ఆయనొకడు. ఇంటి హాల్లో సోఫా మీద, డాలర్లు అమ్మిన రోజున తీయించిన ప్రింటు కాగితాలు పరిచి కృష్ణమూర్తి గీతల గురించి చెబుతుంటే శేషగిరి చెంప మీద చెయ్యి వేసుకుని విన్నాడు.

"ఈ అమ్మాయేనా గీసింది?" అని అడిగాడు తార వైపు తిరిగి. "నీ చేతిలో ఏదో ఉందమ్మా. ఇకనుంచి మా సరుకుకి కూడా నువ్వే చెప్పాలి. బావ చెబితే సరే, నువ్వు చెబితే ఇంకా సరే."

లోపలి నుంచి శేషగిరి భార్య పళ్లెంలో జాకెట్టు గుడ్డ, పండ్లు తెచ్చి తార చేతిలో పెట్టింది. తార వాటిని వెనక్కి ఇవ్వబోయింది. ఆవిడ సిగ్గనుకుంది.

తిరుగు ప్రయాణంలో హుజూర్‌నగర్ దాటాక తార ఇక ఆపుకోలేకపోయింది.

"సార్, కారు జర పక్కకు ఆపున్రి. ఒక మాట చెప్పాలె."

ఆయన ఆపాడు. రోడ్డుకు రెండు వైపులా యాసంగి నాట్లు పడుతున్నాయి. తార తలెత్తకుండా మొత్తం చెప్పింది. తొమ్మిది బదులు ఆరు పడిందని, గీత దాటలేదని, వారం తర్వాత తెలిసినా భయపడి దాచిందని.

కృష్ణమూర్తి ముందు నవ్వాడు. తమాషా అనుకున్నాడు. ఆమె ముఖం చూశాక నవ్వు ఆగింది.

"నువ్వు సరిగ్గానే కొట్టి ఉంటే గీత ఎప్పుడు దాటేది?"

తార లెక్క చూసుకునే వచ్చింది. "పడిపోయినంక మూడో రోజు సార్. అప్పటికి ధర ముప్పై ఎనిమిది డెబ్బై. అందరితో పాటు మనమూ పోయేటోళ్లం. సగటు అంటే అయిపోయిన రోజులదే కద సార్. నెమ్మదిగ ఎక్కి నెమ్మదిగ దిగితే పట్టుకుంటది. ఒక్కసారి కూలితే దానికి ముందుగాల తెల్వదు."

"అంటే నన్ను కాపాడింది గీత కాదు."

"కాదు సార్. నా తప్పు."

"సరే" అన్నాడాయన చివరికి. "నన్ను ముంచలేదు కదా, కాపాడింది కదా. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. శేషగిరికి తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అందరి ముందూ ఇప్పుడే అంత గొప్పగా చెప్పి వచ్చాను."

"ఆయన మనల నమ్ముకొని సరుకు పెడతడు సార్."

"జాగ్రత్తగా పెట్టమని నేను చెబుతాలే. నువ్వు ఎవరితోనూ అనకు." కారు స్టార్ట్ చేస్తూ, చిన్నపిల్లను బతిమాలినట్టు అన్నాడు, "అనవు కదా?"

తార అనలేదు. కానీ ఆ గదిలో కూర్చోవడం కూడా ఆమె వల్ల కాలేదు. కోదాడ నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్లిపోయేది. ఫిబ్రవరి ఆఖరున ఉద్యోగం మానేసి, సూర్యాపేటలో తాను నేర్చుకున్న కంప్యూటర్ సెంటర్లోనే సగం జీతానికి చేరింది. పుష్పాబాయి మాత్రం మిర్యాలగూడలోనే ఉండిపోయింది. కృష్ణమూర్తి ఆమె పని తీయలేదు. కూతురు ఎందుకు మానిందని ఎవరైనా అడిగితే, "ఊరికి దగ్గరని పోయింది" అని చెప్పేది.

తార స్థానంలో కొత్తగా వచ్చినామె గీతలు గీస్తూనే ఉంది. ఆ రెండు నెలలు డాలర్ ఎటూ కదలక ముప్పై తొమ్మిదికి అటూ ఇటూ ఊగింది. ఎర్ర గీతా నీలి గీతా దారపు పోగుల్లా ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. ఈ వారం కింద, వచ్చే వారం పైన. ఏప్రిల్ చివర ఎర్రది మరోసారి కిందికి దిగింది. ఈసారి గట్టిగా పడుతుందని బావాబావమరుదులిద్దరూ అనుకున్నారు. శేషగిరి రాబోయే మూడు ఆర్డర్ల డాలర్లను ఆనాటి ధరకే ఇస్తానని బ్యాంకుకు ముందే కాగితం రాసిచ్చాడు. జనవరి నష్టం పూడ్చుకోవాలన్న ఆత్రంలో, ఇంకా ఖాయం కాని నాలుగో ఆర్డరుకు కూడా రాసిచ్చాడు.

మేలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. ఇతర దేశాలు ఆంక్షలన్నాయి. జూన్‌లో డాలర్ నలభై రెండు దాటింది. శేషగిరి నాలుగో ఆర్డరు రానే రాలేదు. మాట ఇచ్చిన డాలర్లు లేవు గనుక వాటిని కొత్త ధరకు కొని పాత ధరకు ఇవ్వాలి, ఆ తేడా అంతా ఆయన చేతి నుంచి కట్టాల్సి వచ్చింది. మూడో వారానికి ఒక మిల్లుకు తాళం పడింది.

సూర్యాపేట కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కి శేషగిరి వచ్చిన రోజు తార పిల్లలకు డాస్ కమాండ్లు చెబుతోంది. గడ్డం పెరిగి, చొక్కా నలిగి ఉన్న మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. పిల్లలను పంపించి కుర్చీ వేసింది.

"నిన్ను తప్పు పట్టడానికి రాలేదమ్మా" అన్నాడాయన. "ఒక్క సంగతి తెలుసుకుని పోదామని. బావేమో గీతలు సరిగ్గానే ఉన్నాయి, నీ ఆశ ఎక్కువైంది అంటున్నాడు. నా ఆశ ఎక్కువే, కాదనను. కానీ డిసెంబరులో మూడు వారాల ముందు కనిపెట్టింది, ఏప్రిల్లో ఎందుకిలా చేసింది? నువ్వు మానేశాకే ఇలా అయిందా? రాత్రంతా ఇదే ఆలోచన. నీ చేతిలో ఏం ఉందమ్మా?"

తార నిలబడే ఉంది. మిల్లు కల్లంలో తల్లి, కారులో బతిమాలిన కృష్ణమూర్తి, పళ్లెంలో జాకెట్టు గుడ్డ, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"నా చేతిల ఏం లేదు సార్. డిసెంబర్ల అది కనిపెట్టలే. నేను అంకె తప్పు కొట్టిన" అంది. మొదటినుంచి చివరిదాకా చెప్పింది. కృష్ణమూర్తికి చెప్పిన సంగతి కూడా దాచలేదు.

అంతా విన్నాక శేషగిరి మంచినీళ్లు అడిగి గ్లాసెడు తాగాడు.

"బావకి జనవరిలోనే తెలుసన్నమాట."

"తెలుసు సార్."

"ఆ రోజు మా ఇంట్లోనే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. కోపం లేదు గొంతులో. లేచి గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే తార మిర్యాలగూడ వెళ్లింది. తాను చెప్పేసిన విషయం కృష్ణమూర్తికి ఇంకొకరి నోట తెలియకూడదనుకుంది. తల్లి దగ్గరికి కూడా పోకుండా నేరుగా ఆయన గదికి వెళ్లింది. ఆయన ఫోన్ ముందు కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలల్లో పదేళ్లు మీద పడినట్టున్నాడు.

"నిన్న శేషగిరి సార్ వచ్చిండు. అడిగిండు. చెప్పిన" అంది తార.

ఆయన తిడతాడనుకుంది. ఆయన ఫోన్ వైపే చూస్తూ అన్నాడు, "పది రోజుల నుంచి రోజూ పొద్దున్నే వాడి నంబరు తిప్పుతున్నాను. అవతల ఎత్తగానే పెట్టేస్తున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పావు. నేను చెప్పి ఉంటే ఎలా ఉండేదో!" మళ్లీ ఆమె వైపు తిరిగి, "మీ అమ్మ పని గురించి భయపడి వచ్చావా?" అని అడిగాడు.

"లేదు సార్. మీకు చెప్పాలని వచ్చిన."

"ఆవిడ జోలికి ఎవరూ రారు." ఆయన లేచి, తాళాలు తీసుకుని, డ్రైవరును కూడా పిలవకుండా కారెక్కాడు. గేటు దాటి కోదాడ వైపు తిరగడం తార చూసింది.

అక్కడ ఏం మాట్లాడుకున్నారో బయటివాళ్లకు తెలియదు. శేషగిరి భార్య అన్న ముఖం చూడనని లోపలి గదిలోంచి బయటికే రాలేదని మాత్రం తర్వాత శేషగిరి ఇంటి డ్రైవరు ద్వారా తెలిసింది. శేషగిరి కట్టాల్సినదాంట్లో సగం కృష్ణమూర్తి భరించాడు. కారు అమ్మాడు, మిల్లు ఒక్క షిఫ్టుకు తగ్గించాడు. అయినా రెండేళ్లపాటు ఆ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు లేవు.

షిఫ్టు తగ్గాక కల్లంలో ఆడవాళ్లు సగమయ్యారు. తీసేసినవాళ్లలో పుష్పాబాయి లేదు, కానీ ఆ వానాకాలం గడవక ముందే ఆమే పని వదిలేసి మూట కట్టుకుని సూర్యాపేట వచ్చేసింది. తోటివాళ్లు పోయి తనొక్కతే ఉండటం బాగనిపించలేదంది. తార అద్దె గదిలో పొయ్యి ముట్టిస్తూ ఆమె అడిగింది.

"బిడ్డా, ఆ దినం నేను ఆగుమనకపోతే నువ్వు తెల్లారే చెప్పేదానివి కదా?"

తార బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అవునంటే తల్లి కుములుతుంది. కాదంటే అబద్ధమవుతుందో నిజమవుతుందో తనకే తెలియదు.

"ఏమో యాడీ" అంది. "నాకు గూడ ఆగాలనే ఉండె."

పుష్పాబాయి పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. ఎసరు మరిగిన చప్పుడు వినబడి, తార చేటలోని బియ్యం అందులో పోసింది.